బోర్డు బాగానే ఉంది: ఐదో అంతస్తులో నీళ్లు నిండని వాషింగ్ మెషిన్

మే నెల రెండో వారంలో నిజాంపేట నుంచి ఫోన్ వచ్చింది. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఫ్లాటు. మెషిన్ ఆరున్నర కిలోల ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్, కొని ఆరేళ్లయింది. "నీళ్లు పట్టడం లేదు బాబూ. కాసేపు సన్నగా కారుతుంది, తర్వాత ఐఈ అని చూపించి కూతలు పెడుతుంది" అన్నారావిడ. రిటైరైన టీచరమ్మ. ఇంట్లో భర్త మంచాన ఉన్నారు. రోజూ రెండు దుప్పట్లు, పక్కబట్టలు ఉతకాల్సిందే.

అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు వచ్చి వెళ్లారు. మొదటతను ఇన్‌లెట్ వాల్వ్ (నీళ్లను మెషిన్‌లోకి వదిలేది) పోయిందని కొత్తది వేసి 1,650 రూపాయలు తీసుకున్నాడు. మెషిన్ నడిచింది కానీ మునుపటిలా కాదు, నాలుగు రోజులకే మళ్లీ ఐఈ. రెండో అతను చూసి, "వాల్వ్ కొత్తదే కాబట్టి ఇక బోర్డే" అని, అంటే మెషిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందని, 5,200 చెప్పాడు. బోర్డు వేయించే ముందు ఇంకొకరికి చూపిద్దామని ఆవిడ నాకు ఫోన్ చేశారు. ఆ ఒక్క ఆలోచనే 5,200 మిగిల్చింది.

"నీళ్లు నిండడం లేదు" అనే మాట వినగానే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. నీళ్లు మెషిన్ దాకా వస్తున్నాయా? వచ్చినవి లోపలికి వెళ్తున్నాయా? వెళ్లినవి లోపల నిలుస్తున్నాయా? చాలా ఇళ్లలో ఏదో ఒకచోట జవాబు దొరికి పని అయిపోతుంది. ఈ ఇంట్లో మూడింటిలోనూ లోపం ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఐఈ సంగతి

ఐఈ కనిపిస్తే చాలామంది వాల్వ్ పోయిందనో బోర్డు పోయిందనో తేల్చేస్తారు. బోర్డుకు వాల్వ్ కనపడదు. దానికి తెలిసినవి రెండే: వాల్వ్‌కు కరెంటు పంపి ఎంతసేపైంది, నీటి మట్టం సెన్సర్ ఏం చెబుతోంది. పెట్టిన గడువులోగా మట్టం రాకపోతే ఐఈ చూపిస్తుంది. వేరే కంపెనీల మెషిన్లలో ఇదే 4ఈ అనో 4సీ అనో వస్తుంది. ఐఈ చూపిస్తోందంటే బోర్డు లెక్క పెడుతూనే ఉందన్నమాట. నేను దాన్ని బోర్డు మీద నేరంగా కాదు, బోర్డు ఇచ్చిన సాక్ష్యంగా తీసుకుంటాను. ఈ మోడల్‌లో ఆ గడువు సుమారు 20 నిమిషాలు, వాచీ పెట్టుకుని చూశాను.

బోర్డును, సెన్సర్‌ను పరీక్షించడానికి నేను వాడే పద్ధతికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. నల్లా కట్టేసి, మెషిన్‌ను ఎక్కువ మట్టం మీద పెట్టి స్టార్ట్ చేసి, బాత్రూంలోంచి 10 లీటర్ల బకెట్‌తో నీళ్లు తెచ్చి టబ్బులో పోయడమే. సెన్సర్ బాగుంటే మట్టం రాగానే మెషిన్ నీళ్లు అడగడం మానేసి ఉతకడం మొదలుపెడుతుంది. నాలుగున్నర బకెట్లు పోయగానే అడుగున బట్టలు తిప్పే చక్రం, పల్సేటర్, తిరిగింది. టీచరమ్మ పక్కనే నిలబడి చూస్తున్నారు. "బోర్డు బాగానే ఉందమ్మా, సెన్సర్ కూడా" అన్నాను. ఆవిడ ముఖంలో బరువు దిగడం కనపడింది.

ఈ పరీక్షతో ఇంకో లాభం కూడా ఉంది. ఎక్కువ మట్టానికి 45 లీటర్లు కావాలని తేలింది. 20 నిమిషాల్లో 45 లీటర్లు నిండాలంటే నిమిషానికి కనీసం రెండుంబావు లీటర్లు పడాలి. ఇక వెతకాల్సింది ఆ రెండుంబావు ఎక్కడ తప్పిపోతోందనే.

ఇక్కడ నా వల్ల ఒక పొరపాటు జరిగింది. మెషిన్ తిరగడం మొదలవగానే ఆపేసి నీళ్లు వదిలేశాను. ఇంకో పది నిమిషాలు ఆగి చూసి ఉంటే మూడో లోపం అప్పుడే బయటపడేది.

బకెట్, వాచీ

నల్లాకున్న పైపు విప్పి బకెట్ పెట్టాను. 10 లీటర్లు నిండడానికి 55 సెకన్లు పట్టింది. నిమిషానికి దాదాపు 11 లీటర్లు. ఇది చూసే రెండో మెకానిక్ నీళ్ల ప్రెషర్ బాగుందని అనుకుని ఉంటాడు. తెరిచిన నల్లా లోంచి ధార ఎంత లావుగా పడినా, అది మెషిన్‌కు అందే నీళ్ల లెక్క కాదు. మధ్యలో అడాప్టర్ ఉంది, ఇరుకు పైపు ఉంది, జాలీ ఉంది, వాల్వ్ ఉంది.

తర్వాత అడాప్టర్, పైపు బిగించి, మెషిన్ వైపు కొసను బకెట్‌లో పెట్టి కొలవాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బకెట్ నేల మీద ఉంటుంది, పైపు కొస అందులోకి దిగుతుంది. మెషిన్ వెనక వాల్వ్ మూతి ఉండేది నేలకు మీటరు ఎత్తులో. పైపు కొసను మీటరు కిందికి దించితే ఆ మీటరు ఎత్తు ఒత్తిడి అదనంగా కలుస్తుంది. కింది అంతస్తుల్లో ఆ తేడా లెక్కలోకి రాదు. పై అంతస్తులో మొత్తం ఒత్తిడే మూడు, నాలుగు మీటర్లు. అందులో మీటరంటే మూడో వంతో, నాలుగో వంతో. అందుకే బకెట్‌ను స్టూలు మీద పెట్టి, పైపు కొసను వాల్వ్ ఎత్తులోనే పట్టుకున్నాను. 10 లీటర్లకు 2 నిమిషాల 10 సెకన్లు. నిమిషానికి 4.6 లీటర్లు. నల్లా దగ్గర 11 ఉన్నది ఇక్కడికొచ్చేసరికి సగం కూడా లేదు. అయినా మెషిన్‌కు కావలసిన రెండుంబావుకు ఇది రెట్టింపు.

పైపు మెషిన్‌కు బిగించి స్టార్ట్ చేసి, సబ్బుపొడి డబ్బా కింద నీళ్లు పడేచోట లీటరు మగ్గు పట్టుకున్నాను. 32 సెకన్లు. నిమిషానికి 1.9 లీటర్లు. 45 లీటర్లకు దాదాపు 24 నిమిషాలు. గడువు 20. ఐఈ ఎందుకు వస్తోందో లెక్కలో తేలిపోయింది. పైపు కొసకూ డబ్బాకూ మధ్య నిమిషానికి 2.7 లీటర్లు పోతున్నాయి. ఆ మధ్యలో ఉన్నది కొత్త వాల్వ్ ఒక్కటే.

వాల్వ్

ముందు ప్లగ్ తీసేశాను. వాల్వ్ మూతిలోని జాలీ బయటికి లాగి చూస్తే శుభ్రంగా ఉంది. వాల్వ్ కాయిల్ (కరెంటు పారితే అయస్కాంతంలా లాగే తీగచుట్ట) నిరోధం కొలిస్తే 4.1 కిలో ఓములు. ఇలాంటి 230 వోల్టుల కాయిల్స్ మామూలుగా మూడున్నర నుంచి నాలుగున్నర కిలో ఓముల మధ్య ఉంటాయి. మల్టీమీటర్ క్లిప్పులు ముందే తగిలించి, చేతులు దూరంగా పెట్టుకుని, ప్లగ్ పెట్టి మెషిన్ నడిపిస్తే వాల్వ్ దగ్గర 228 వోల్టులు. బోర్డు కరెంటు పంపుతోంది, కాయిల్ లాగుతోంది, జాలీ శుభ్రం. పద్ధతి ప్రకారం చూస్తే ఇది మంచి వాల్వ్. అయినా నీళ్లు రావడం లేదు.

వాల్వ్‌ను కరెంటు తెరుస్తుందని అందరూ అనుకుంటారు. కాయిల్ లాగేది లోపలున్న చిన్న ఇనుప పిన్నును మాత్రమే. పిన్ను లేస్తే నీళ్ల దారిని మూసి ఉంచే రబ్బరు పొర, డయాఫ్రం, మధ్యలో సూది బెజ్జం తెరుచుకుంటుంది. డయాఫ్రం పైన నిలిచిన నీళ్లు ఆ బెజ్జంలోంచి జారిపోతాయి. పైన ఒత్తిడి తగ్గేసరికి కింద ఉన్న నీళ్లు డయాఫ్రంను పైకి నెట్టి దారి చేసుకుంటాయి. కరెంటు గడియ తీస్తుంది, తలుపు నెట్టుకుని రావాల్సింది నీళ్లే. నీళ్లకు ఆ బలం లేకపోతే తలుపు ఓరగా తెరుచుకుని ఆగిపోతుంది. కాయిల్ గుయ్యిమంటూనే ఉంటుంది. తక్కువ ఒత్తిడితో రెండో ఇబ్బంది కూడా ఉంది: డయాఫ్రంను మూసి నొక్కి ఉంచేది కూడా నీటి ఒత్తిడే. అందుకే కొన్ని పై అంతస్తు ఇళ్లలో మెషిన్ ఆపేసినా టబ్బులోకి చుక్కచుక్కగా నీళ్లు కారుతుంటాయి.

కొత్త వాల్వ్ మీద 0.03 నుంచి 0.8 ఎంపీఏ అని ముద్రించి ఉంది, అది పనిచేయడానికి కావలసిన నీటి ఒత్తిడి (మెగాపాస్కల్‌లలో). 0.03 అంటే సుమారు మూడు మీటర్ల నీటి ఎత్తు. ఐదో అంతస్తులో, నెత్తి మీదే ట్యాంకు ఉన్న ఇంట్లో, నీళ్లు పారుతున్నప్పుడు వంపుల్లో పోయేది పోగా, వాల్వ్ దగ్గర ఆ మూడు మీటర్లు మిగలడం లేదు.

"పాత వాల్వ్ అతను తీసుకెళ్లాడా అమ్మా?" అని అడిగాను. "లేదు బాబూ, మార్చిన సామాను నేనెప్పుడూ ఇవ్వను" అని బాల్కనీలోని డబ్బా లోంచి తీసిచ్చారు. ఈ అలవాటు ఎంత మంచిదో నేను ప్రతి ఇంట్లో చెబుతాను. పాత భాగం చేతిలో ఉంటే సగం కథ అదే చెబుతుంది.

రెండు వాల్వ్‌లు పక్కపక్కన పెడితే బయటికి కవలల్లా ఉన్నాయి. అవే కొలతలు, అదే బిగింపు, అదే కనెక్టర్. మూతిలోకి టార్చి వేసి చూస్తే తేడా కనపడింది. కొత్తదానిలో జాలీ వెనక రబ్బరు బిళ్ల ఉంది. ఒత్తిడి ఎక్కువైనప్పుడు ప్రవాహాన్ని అదుపులో పెట్టడానికి వేసేది. పాతదానిలో ఆ బిళ్ల లేదు, లోపలి దారి కూడా వెడల్పు. మన దగ్గర షాపుల్లో జీరో ప్రెషర్ వాల్వ్ అని అడిగితే ఇచ్చే రకం, ఒత్తిడి తక్కువున్నా తెరుచుకునేది. ఆరేళ్ల కిందట మెషిన్ బిగించినప్పుడే పై అంతస్తని చూసి ఎవరో బుద్ధిమంతుడు అది వేసి వెళ్లాడు. మొదటి మెకానిక్ రూపం చూసి మామూలుది బిగించాడు. అతన్ని నేను తప్పు పట్టను, పాతదాని మీద అక్షరాలన్నీ చెరిగిపోయి ఉన్నాయి.

మరి ఆ పాత వాల్వ్ ఎందుకు ఆగింది? దాని జాలీ చూస్తే తెలిసింది. కన్నాలన్నీ ఎర్రటి సన్న ఇసుకతో పూడిపోయాయి, అంచుల చుట్టూ తెల్లటి పొర. మార్చి నెలాఖరు నుంచి బోరు సరిగ్గా పోయక అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్లు వేయించుకుంటున్నారు. ట్యాంకర్ నీళ్లు సంపులో పడ్డప్పుడు అడుగున ఉన్న మడ్డి లేచి, మోటారుతో పాటు పైకి ఎక్కుతుంది. తెల్లపొర బోరు నీళ్ల సున్నం. జాలీని నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో వేస్తే పొర బుసబుసా నురగ కక్కింది, ఇసుక మాత్రం గిన్నె అడుగున మిగిలింది. ఉప్పుకు కరిగేది సున్నం, బ్రష్షుకు పోయేది ఇసుక, రెండూ చేయాలి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 మొత్తం కఠినత్వాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిదంటుంది, వేరే దారి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటుంది. నా దగ్గరున్న పరీక్ష పట్టీ ఇక్కడి బోరు నీళ్లకు 400 పైనే రంగు చూపింది. ఇలాంటి నీళ్లున్న ఇంట్లో జాలీని రెండు నెలలకోసారి కడగాలి. మెషిన్ కొన్న రోజున ఆ మాట ఎవరూ చెప్పరు.

అంటే మొదటిరోజు ఈ మెషిన్‌కు కావలసింది పది నిమిషాల జాలీ శుభ్రం. దానికి బదులు వాల్వ్ మారింది, ఆ మార్పే రెండో లోపమైంది.

పాత వాల్వ్ కాయిల్ కొలిచాను, 3.9 కిలో ఓములు. రబ్బరు మెత్తగానే ఉంది, బీటలు లేవు. దాన్నే మళ్లీ బిగించాను. మగ్గు పట్టుకుంటే లీటరుకు 14 సెకన్లు. నిమిషానికి 4.3 లీటర్లు. పైపు కొసలో వచ్చే 4.6కు ఇది దగ్గర. వాల్వ్ దగ్గర ఇక పోయేది దాదాపు ఏమీ లేదు. కొత్త వాల్వ్‌లోని రబ్బరు బిళ్ల తీసేస్తే సరిపోతుందేమోనని, ఊరికే తెలుసుకోవడానికి, అది కూడా చేసి చూశాను: 1.9 కాస్తా 2.6 అయింది. గట్టెక్కేది కానీ అంచుమీద. ట్యాంకు కాస్త తగ్గితే మళ్లీ ఐఈయే.

ఒకటింపావు నిమిషం తేడా

నిమిషానికి 4.3 లీటర్లయితే 45 లీటర్లకు పదిన్నర నిమిషాలు పట్టాలి. ఖాళీ టబ్బుతో వేసి చూస్తే పదకొండు ముప్పావు పట్టింది. ఇంత తేడాను వదిలేసి లేచిపోవచ్చు. ఐఈ పోయింది, కస్టమర్ సంతోషంగా ఉన్నారు. కానీ ఈసారి ఆగాను. ఉతకడం మొదలైన ఆరు నిమిషాలకు మెషిన్ మళ్లీ నీళ్లు పట్టుకుంది. బట్టలుంటే అవి పీల్చుకున్నాయని అనుకోవచ్చు. టబ్బులో బట్టలు లేవు.

డ్రెయిన్ పైపు కొస బాత్రూం జాలీలో దూర్చి ఉంది, అందుకే ఎవరి కంటా పడలేదు. బయటికి తీసి మగ్గు పెడితే సన్నటి ధార. రెండు నిమిషాల్లో లీటరు. అంటే నిమిషానికి అరలీటరు అడుగునుంచి పోతోంది. 1.9 వస్తూ 0.5 పోతుంటే మిగిలేది 1.4. అప్పుడు 45 లీటర్లకు అరగంట దాటుతుంది. ఆ వాల్వ్‌తో మెషిన్ ఎందుకంతగా చతికిలపడిందో పూర్తిగా అర్థమైంది.

టాప్ లోడ్ మెషిన్లలో డ్రెయిన్ దగ్గర రబ్బరు బుడ్డి ఒకటి నోరు మూసి ఉంటుంది, నీళ్లు వదలాల్సినప్పుడు చిన్న మోటారు దాన్ని లాగుతుంది. నీళ్లన్నీ దించి, మెషిన్‌ను గోడకు వంచి, మూత విప్పితే రబ్బరుకూ అది కూర్చునే అంచుకూ మధ్య ఇరుక్కుని ఉంది ఒక జాకెట్ హుక్కు, దాని చుట్టూ చీర ఫాల్ దారాల ఉండ. హుక్కు తీసి, అంచు తుడిచి, రబ్బరుకు గాటు పడలేదని గోటితో తడిమి చూసి మూసేశాను. మళ్లీ నింపితే పది నిమిషాల నలభై సెకన్లు. పదిహేను నిమిషాలు చూసినా మళ్లీ నీళ్లు అడగలేదు. ఇక నుంచి జాకెట్లు వల సంచిలో వేసి ఉతకమని చెప్పాను.

ఈ కారుడు ఎప్పటినుంచి ఉందో చెప్పలేం. రోజుకు రెండు వాయిలు, ఒక్కో వాయికి నలభై నిమిషాలు నీళ్లు నిలిచే సమయం అనుకుంటే రోజుకు 40 లీటర్లు. ట్యాంకర్ నీళ్లు కొనుక్కుంటున్న బిల్డింగ్‌లో, సబ్బు కలిపిన నీళ్లతో సహా, అవి బాత్రూం గొట్టంలోకి పోతూ ఉన్నాయి.

ఆదివారం పొద్దున

వారం తర్వాత టీచరమ్మ ఫోన్ చేశారు. "ఐఈ రావడం లేదు బాబూ. కానీ పొద్దున ఏడు గంటలకు వేస్తే పద్దెనిమిది నిమిషాలు పడుతోంది, మధ్యాహ్నమైతే పదకొండు. నేను రాసిపెట్టాను." నిజంగానే ఒక నోటు పుస్తకంలో తేదీ, టైము, నిమిషాలు వరసగా రాసి ఉన్నాయి. నా పద్దెనిమిదేళ్ల పనిలో ఇంతకన్నా మంచి ఫిర్యాదు చూడలేదు. మెషిన్ చెడితే పొద్దునా మధ్యాహ్నమూ ఒకలాగే చెడుతుంది. గడియారాన్ని బట్టి మారేది నీళ్లే.

మర్నాడు పొద్దున ఆరున్నరకే వెళ్లి మేడ ఎక్కాను. ట్యాంకు మూత తీస్తే అడుగున జానెడు నీళ్లు. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శక లెవెల్ పైపుతో, మెట్ల సందులోంచి దించుకుంటూ, నీటి మట్టం నుంచి మెషిన్ వాల్వ్ దాకా ఎత్తు కొలిచాం. 2.7 మీటర్లు. ట్యాంకు నిండితే 3.9. పది మీటర్ల నీటి ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి చొప్పున చూస్తే 0.27 బార్‌కూ 0.39 బార్‌కూ తేడా. దీనికి తోడు ఆ బ్లాకులో అన్ని అంతస్తులకూ ఒకే పైపు దిగుతుంది. ఏడు గంటలకు కింద నాలుగు ఇళ్లలోనూ నల్లాలు తిరుగుతాయి. పారే నీళ్లు కిందికే లాగుతాయి, పైవాళ్లకు మిగిలింది వస్తుంది.

అసోసియేషన్ వాళ్లలో ఒకరు ప్రెషర్ పంపు పెట్టించుకోమన్నారట. నేను వద్దన్నాను. ఒక్క మెషిన్ కోసం పంపు పెడితే ఖర్చు, చప్పుడు, ఇంకో రిపేరు. పైగా ఆరేళ్లు పంపు లేకుండానే నడిచిన ఇల్లు ఇది. వాచ్‌మన్‌ను అడిగితే మోటారు ఏడున్నరకు వేస్తున్నానన్నాడు. అంటే అందరూ నీళ్లు వాడే గంటలోనే ట్యాంకు అడుగంటి ఉంటోంది. "అయిదున్నరకు వేస్తావా అన్నా?" అంటే, "దానిదేముంది సార్, నేను లేచేదే అయిదింటికి" అన్నాడు.

ఆ తర్వాత టీచరమ్మ పుస్తకంలో పొద్దుటి నిమిషాలు 13కు దిగాయి. మధ్యాహ్నం ఎప్పటిలా 11. ఎప్పుడైనా ట్యాంకు నుంచి పై అంతస్తుకు విడిగా ఒక ఇంచి పైపు వేసుకుంటే ఈ రెండు నిమిషాలు కూడా పోతాయి. అది అపార్ట్‌మెంట్‌లో ప్లంబింగ్ పని జరిగేటప్పుడు చేయించుకుంటే చాలని చెప్పాను.

రెండుసార్లకూ కలిపి నేను తీసుకున్నది 900. కొత్త వాల్వ్‌ను ఆవిడకే ఇచ్చేశాను, కింది అంతస్తులో ఎవరికైనా చక్కగా పనికొస్తుంది. పాత వాల్వ్ ఆరేళ్లు నడిచింది, ఎప్పుడో ఒకరోజు నిజంగానే పోతుంది. ఆ రోజు వచ్చేది నేను కాకపోవచ్చు. అందుకని టీచరమ్మను ఒక కాగితం రాసివ్వమన్నాను. నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఇది పై అంతస్తు. జీరో ప్రెషర్ వాల్వ్ మాత్రమే వేయాలి. ముందు జాలీ చూడండి." దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మెషిన్ వెనక రేకు లోపలివైపు, వాల్వ్ పక్కనే టేపుతో అంటించి రేకు బిగించాను.